జానకిరామయ్య మాస్టారి ఫైనాన్స్ సెంటర్

గుంటూరు నుంచి నల్లపాడు దాటి ఇంకాస్త ముందుకెళితే రోడ్డుకి ఎడమ పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీ వస్తుంది. పదిహేనేళ్ళ కిందట అదంతా పత్తి చేలే. అందులో మేనేజ్‌మెంట్ బ్లాకు రెండో అంతస్తులో ఫైనాన్స్ సెంటర్ ఉంది. ఆరేళ్ళుగా దాన్ని చూసుకుంటున్న మనిషి జానకిరామయ్య.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. తండ్రి పర్చూరు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఈయన ఎం.కాం. చదివి, సి.ఏ. ఆఖరి పరీక్ష నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ పోగొట్టుకుని, అరండల్‌పేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో చేరాడు. అక్కడ పందొమ్మిదేళ్ళు పనిచేశాడు. సంతకాలు ఆడిటర్‌గారివి, పనంతా ఈయనది. ఏ కంపెనీ కాగితాలు ముందు పెట్టినా, వాళ్ళు దాచదలుచుకున్నది ఏ పేజీలో దాచారో గంటలో పట్టేసేవాడు. యూనివర్సిటీ చైర్మన్‌కి ఆ ఆడిటర్‌గారు స్నేహితుడు. ఫైనాన్స్ సెంటర్ పెడుతున్నాం, పిల్లలకి చెప్పగలిగే మనిషి కావాలి అంటే ఆయన ఈయన్ని చూపించాడు. పి.హెచ్‌డి. లేదు గనక పర్మనెంటు చెయ్యలేదు. ఏటా మే నెలలో ఇంకో ఏడాదికి పొడిగిస్తూ ఒక కాగితం వస్తుంది. అది వచ్చేదాకా జానకిరామయ్యకి నిద్ర సరిగ్గా పట్టదు.

సెంటర్లో పదహారు కంప్యూటర్లున్నాయి. ఒక గోడ పొడవునా షేర్ల ధరలు ఎర్రగా, పచ్చగా పరుగెత్తే బోర్డు ఉంది. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రుల్ని ముందుగా ఆ గదికే తీసుకొస్తారు. మిర్చి కోతల మధ్య ఒక పూట తీరిక చేసుకుని వచ్చినవాళ్ళు ఆ బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. "ఇది చదివితే ఏ ఉద్యోగం వస్తదండి?" అని అడుగుతారు. చేతికిచ్చిన పుస్తకంలో రీసెర్చ్ అనలిస్టు, ఫండ్ మేనేజరు అని ఉంటుంది. ముంబై అద్దాల మేడల బొమ్మ ఉంటుంది.

మొదట్లో జానకిరామయ్య కూడా ఆ బొమ్మని నమ్మాడు. నమ్మాడు గనకనే అంత కష్టపడి చెప్పాడు. చేరిన మొదటి నెలలోనే ఒక్కో విద్యార్థి ఒక్కో కంపెనీని ఎంచుకోవాలి. రెండేళ్ళూ దాన్ని వదలకూడదు. అది ఏం చేస్తోంది, ఎవరికి అమ్ముతోంది, ఎంత అప్పులో ఉంది, దాని షేరు కొనొచ్చా కూడదా, ఇవన్నీ రాసి చివరి సెమిస్టరులో అందరి ముందూ నిలబడి చెప్పాలి. మిగిలినవాళ్ళు ప్రశ్నలతో చీల్చి చెండాడతారు. పిల్లలు ఆ రోజుని 'గోదా' అనేవాళ్ళు.

శ్రీదుర్గ అనే అమ్మాయి వచ్చింది నాలుగో బ్యాచ్‌లో. పర్చూరు దగ్గర పల్లె. తండ్రి చెంచురామయ్య ఐదెకరాలు కౌలుకి తీసుకుని ఒక ఏడు పొగాకు, ఒక ఏడు మిర్చి వేస్తాడు. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. నీళ్ళ మోటార్లు చేసే ఒక పెద్ద కంపెనీని ఎంచుకుంది. షేరు రెండేళ్ళలో మూడింతలైన కంపెనీ అది. టీవీలో అందరూ కొనమంటున్నారు.

గోదా రోజున ఆమె వంతు వచ్చింది. కంపెనీ కాగితాలు చదివి ఊరుకోలేదు. ఆదివారాలు బస్సెక్కి పర్చూరు, చిలకలూరిపేట, గుంటూరు పట్నంబజారుల్లో మోటార్లు బాగుచేసే షాపులు పదిహేడు తిరిగింది. ఏ కంపెనీ మోటార్లు ఎక్కువగా కాలిపోయి వస్తున్నాయో అడిగి రాసుకుంది. చిలకలూరిపేటలో జక్రయ్య అనే మెకానిక్ ఆమెకి షాపు వెనక గుట్టగా పోసిన కాలిన మోటార్లు చూపించి, "ఈ కంపెనీది రెండేళ్ళ నుంచి తీగ సన్నం చేశాడమ్మా. ఎండాకాలం ఒకటికి రెండుసార్లు నా దగ్గరికే వస్తంది. నాకు మంచిదేగానీ రైతుకి కాదు" అన్నాడట.

"గ్యారంటీ కింద బాగుచేసి ఇవ్వాల్సిన మోటార్ల ఖర్చు పెరగాలి కద సార్," అంది శ్రీదుర్గ. "వాళ్ళ లెక్కల పుస్తకంలో మాత్రం తగ్గింది. అంటే ఇంకా చూపించలేదన్నమాట. ఎప్పుడో ఒకప్పుడు చూపించక తప్పదు. ఈ ధరకి నేను కొననండి."

జానకిరామయ్య ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. పందొమ్మిదేళ్ళు ఆడిటర్ ఆఫీసులో కూర్చున్నా తనకి ఎప్పుడూ మెకానిక్‌ని అడగాలని తోచలేదు. ఆ సాయంత్రం బ్రాడీపేటలో ఇంటికెళ్ళి, భార్య కనకలక్ష్మితో, "ఈ పిల్ల ముంబైలో కూర్చోవలసిన పిల్ల, కనకం" అన్నాడు. ఎనిమిది నెలలకి ఆ కంపెనీ ఖర్చు చూపించింది. షేరు సగానికి పడింది. అప్పటికి శ్రీదుర్గ యూనివర్సిటీలో లేదు.

ముంబై కంపెనీలు నల్లపాడుకి రావు. ఆ సంగతి జానకిరామయ్యకి రెండో ఏటికే తెలిసింది. వాళ్ళకి ఒక జాబితా ఉంటుంది, పెద్ద పేరున్న కాలేజీలు పదో పదిహేనో. అందులో లేని కాలేజీ నుంచి ఎంత గొప్ప రిపోర్టు వెళ్ళినా అది తెరిచే మనిషుండడు. శ్రీదుర్గకి రెండు చోట్ల వీడియో ఇంటర్వ్యూలు కుదిరాయి. ఒకచోట మూడు నిమిషాలు మాట్లాడి పెట్టేశారు. ఇంకోచోట కాలేజీ పేరు అడిగి, అది ఎక్కడుందని అడిగి, చెప్తామన్నారు.

వచ్చింది మాత్రం హైదరాబాదు నుంచి ఒక షేర్ బ్రోకింగ్ కంపెనీ. ఒక్క రోజులో ఇరవై ఇద్దర్ని తీసుకుంది. ఉద్యోగం పేరు 'ఇన్వెస్ట్‌మెంట్ అసోసియేట్'. యూనివర్సిటీ గేటు దగ్గర ఇరవై ఇద్దరి ఫోటోలతో ఫ్లెక్సీ కట్టారు. చెంచురామయ్య ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోన్లో ఫోటో తీయించుకున్నాడు. జానకిరామయ్య రెండు చేతులూ పట్టుకుని దణ్ణం పెట్టాడు.

జూలై చివర్లో మొదటి ఫోను వచ్చింది. దాచేపల్లి కుర్రాడు కోటేష్. తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "సార్, మా కంపెనీలో ఒక డీమ్యాట్ అకౌంటు తీసుకోండి సార్. రూపాయి పెట్టక్కర్లేదు. ఊరికే తీసుకుంటే చాలు" అన్నాడు. అడిగింది తన పిల్లవాడు. జానకిరామయ్య కాదనలేకపోయాడు. ఫోన్లోనే వివరాలు చెప్పి, వచ్చిన నంబర్లు చదివి, పది నిమిషాల్లో అకౌంటు తీసుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి క్లాసు మధ్యలో ఇంకో ఫోను. కొత్త నంబరు.

"గుడ్ మార్నింగ్ సర్. జానకిరామయ్య గారితో మాట్లాడుతున్నానాండి?"

గొంతు ఆయనకి వెంటనే తెలిసింది. "దుర్గా, నేనేనమ్మా. ఎలా ఉన్నావు?"

"థాంక్యూ సర్. క్వాలిటీ కోసం ఈ కాల్ రికార్డవుతుందండి. మీ భవిష్యత్తు ఆర్థిక లక్ష్యాల గురించి రెండు నిమిషాలు మాట్లాడొచ్చాండి?"

జానకిరామయ్య ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చాడు. అవతల ఆ అమ్మాయి ఎక్కడా ఆగకుండా, ఎవరో రాసిచ్చింది అప్పజెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది. క్లాసులో నాలుగు మాటలు మాట్లాడటానికి ఇబ్బంది పడ్డ పిల్ల. చివర్న, "మీకు అకౌంటు ఓపెన్ చెయ్యమంటారాండి?" అని అడిగింది.

"నిన్ననే తీసుకున్నానమ్మా. మన కోటేష్ దగ్గర."

"ఓకే సర్. మీ విలువైన సమయానికి ధన్యవాదాలండి," అని పెట్టేసింది.

సాయంత్రం హాస్టలు నుంచి తన సొంత ఫోన్లో చేసింది. "పొద్దున అలా మాట్లాడినందుకు ఏమనుకోకండి సార్. వేరేగా మాట్లాడితే మార్కులు తీసేస్తారు. ట్రైనింగ్ మొదటి రోజున తెలిసినవాళ్ళ పేర్లు వందమందివి రాయమన్నారు సార్. అందరం మొదట మీ పేరే రాశాం."

"అందరూనా?"

"ఇరవై ఇద్దరమూ, సార్. ఒక మనిషికి ఒక అకౌంటేనని తర్వాత తెలిసింది."

ఆ వారం తక్కిన ఇరవైమందీ చేశారు. ఒక్కొక్కరికీ అదే జవాబు చెప్పవలసి వచ్చింది. శ్రీదుర్గ కోసం కనకలక్ష్మి పేరు మీద ఒకటి తీసుకుందామన్నాడు. "నాకెందుకండీ షేర్లు?" అంది ఆవిడ. "షేర్లు కాదు కనకం, ఆ పిల్లకి లెక్క కావాలి" అంటే లేచి ఆధార్ కార్డు తెచ్చి ఇచ్చింది. తమ్ముడి పేరుతో ఒకటి, బావమరిది పేరుతో ఒకటి ఇంకో ఇద్దరు పిల్లలకి ఇప్పించాడు. ఆ తర్వాత చెప్పడానికి ఆయనకి తెలిసినవాళ్ళు మిగల్లేదు.

పిల్లలు చదివింది కంపెనీలని తూచడం. చేస్తున్నది మనుషుల్ని పట్టుకురావడం. మొదటి మూడు నెలలు అకౌంట్లతో సరిపెట్టుకున్న కంపెనీ, తర్వాత ఆ అకౌంట్లలో డబ్బు కదలాలంది. డబ్బు వేగంగా కదిలేది ఆప్షన్స్‌లో. రేపు ధర ఎటు పోతుందో పందెం కాసినట్టుంటుంది ఆ వ్యాపారం. పోయేవాళ్ళే ఎక్కువ. గెలిచినా ఓడినా బ్రోకరుకి వచ్చేది వస్తూనే ఉంటుంది. జానకిరామయ్య క్లాసులో దాని గురించి రెండు వారాలు చెప్పేవాడు, దాని జోలికి పోవద్దని.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు సెంటరుకి వచ్చారు. దాచేపల్లి నుంచి. ఇద్దరూ సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళే. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చారు. గోడ మీది బోర్డు కేసి చూసి, చప్పున చూపు తిప్పుకున్నారు.

"మీరేనాండి కోటేష్ వాళ్ళ సారు?"

"నేనే. కూర్చోండి."

పెద్దవాడు కూర్చున్నాడు. రెండోవాడు నిలబడే ఉన్నాడు. కోటేష్ చెప్పగా ఫ్యాక్టరీలో తొమ్మిదిమంది డబ్బు పెట్టారట. మొదట కొంచెం వచ్చింది. తర్వాత అంతా పోయింది. పెద్దవాడిది ఇంటి స్లాబు కోసం దాచుకున్న డబ్బు.

"పిల్లోడ్ని మేమేం అనటంలేదండి," అన్నాడు ఆయన. "ఆడు ఇంటికి రావటమే మానేశాడు. ఆళ్ళ నాన్న డ్యూటీలో మా మొహం చూడలేకపోతన్నాడు. అసలు ఏంటని కనుక్కుందామని వచ్చాం. మా సారు కూడా ఇందులోనే ఉన్నారు, కావాలంటే చూడండని ఆడు మీ పేరు చూపించాడండి ఫోన్లో. అంత చదువుకున్న మనిషి ఉన్నాడు గదాని మేమూ ధైర్యం చేశాం. మరి మీదెంత పోయిందండి?"

జానకిరామయ్యకి అబద్ధమాడదామని ఒక్క క్షణం అనిపించింది. ఆడలేదు.

"నేను డబ్బు పెట్టలేదండి. కుర్రాడు అడిగాడని అకౌంటు తీసుకున్నానంతే."

పెద్దవాడు ఆ మాట అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక తల వంచుకున్నాడు. నిలబడ్డవాడు, "మీరు పెట్టలేదా?" అన్నాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే. జానకిరామయ్య ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో, ఏం రాయాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు. అది వెళ్ళి తగిలే చోటు ఏమీ ఉండదని రాస్తున్నప్పుడే ఆయనకి తెలుసు. ప్రతి బేరానికీ వాళ్ళ ఫోన్లోంచే ఒప్పుకున్నట్టు రికార్డుంటుంది. వాళ్ళు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు. ఆ దణ్ణం ఆయన్ని చాలా రోజులు పీడించింది.

మర్నాడు డైరెక్టరు సాయికౌశిక్ గదికి వెళ్ళాడు. ముప్పై ఐదేళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఉన్నదంతా విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు.

"ఆ కంపెనీని ఈ ఏడు పిలవొద్దండి," అన్నాడు జానకిరామయ్య.

"పిలవను మాస్టారూ. మీరు ఇంకో కంపెనీ తెచ్చివ్వండి, ఇవాళే దీన్ని కొట్టేస్తాను." అతను టేబుల్ మీది కాగితాన్ని ఇటు తిప్పాడు. "ఈ ఏడు అరవై నాలుగు మంది ఉన్నారు. ఒక్కరికీ ఉద్యోగం రాలేదంటే వచ్చే ఏడు ఈ సెంటర్లో చేరేవాళ్ళుండరు. సెంటరే లేకపోతే మీరు చెప్పే ఆ నాలుగు మంచి ముక్కలు కూడా ఎవరు చెప్తారండి?"

జానకిరామయ్య సంక్రాంతి సెలవులన్నీ ఆ పనిలోనే గడిపాడు. ముంబైకి, చెన్నైకి, బెంగుళూరుకి నలభై ఒక్క ఉత్తరాలు పంపాడు. ఒక్కోదానికీ శ్రీదుర్గ రాసిన మోటార్ల రిపోర్టు జతచేశాడు, మా పిల్లలు ఇలా పనిచేస్తారని. మూడు జవాబులొచ్చాయి. రెండు మర్యాద జవాబులు. మూడోది ముంబైలో ఒక చిన్న ఫండు వాళ్ళది. రిపోర్టు చాలా బాగుంది, ఈ అమ్మాయిని ఆర్నెల్లు ఇంటర్న్‌గా తీసుకుంటాం, జీతం ఉండదు, వసతి ఆమే చూసుకోవాలి అని.

ఆయన ఆ జవాబు ప్రింటు తీసుకుని బస్సెక్కాడు. శ్రీదుర్గ అప్పటికే హైదరాబాదు వదిలేసింది. ఆప్షన్స్‌లోకి ఎవర్నీ దింపనందట. రెండు నెలలు టార్గెట్ రాలేదు. మూడో నెల వాళ్ళే రాజీనామా రాయించుకున్నారు. ఇప్పుడు చిలకలూరిపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. ఎవరి మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, ఎన్ని లోపలికొచ్చాయి, ఎన్ని బయటికెళ్ళాయి, ఏ గదిలో ఉన్నాయి, ఇవి రాసుకోవడం పని. లోపల ఘాటుకి ముక్కుకి చున్నీ కట్టుకుని ఉంది. మాస్టారిని చూసి గబగబా చున్నీ విప్పి, కుర్చీ తుడిచి వేసింది.

ఆమె జవాబు రెండుసార్లు చదివింది. కళ్ళు మెరిశాయి. ఆయన ఆ మెరుపు చూసి, వచ్చేటప్పుడు బస్సులో అనుకున్న మాట అనేశాడు. "ఆర్నెల్లూ అక్కడ ఖర్చు నేను పెట్టుకుంటానమ్మా. మీ నాన్నతో నేను మాట్లాడతాను."

"ఆర్నెల్ల తర్వాత ఉద్యోగం ఇస్తామని రాశారా సార్?"

జానకిరామయ్య కాగితం మళ్ళీ తీసుకుని చూశాడు. లేదు.

"కాగితం మీద లేనిదాన్ని ఆదాయంగా లెక్క వెయ్యొద్దని మీరే చెప్పేవాళ్ళు కదండి," అంది ఆమె. మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఈ ఏడు మిర్చికి కోత కూలీ కూడా రాలేదు సార్. నాన్న సగం కాయ చేలోనే వదిలేశాడు. నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది. మీరు నా ఖర్చు పెట్టుకుంటారు. ఇంటి ఖర్చు ఎవరు పెడతారండి?"

ఎవరో రైతు వచ్చి టిక్కీల రసీదు అడిగాడు. ఆమె లేచి వెళ్ళి రాసిచ్చి వచ్చింది. ఆయనకి టీ తెప్పించింది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, "ఇది నేను ఉంచుకోవచ్చాండి?" అని అడిగి, రిజిస్టరు అట్ట లోపల పెట్టుకుంది. బస్సు దాకా వచ్చి సాగనంపింది.

ఫిబ్రవరిలో ఆ బ్రోకింగ్ కంపెనీ మళ్ళీ వస్తోందని నోటీసు పెట్టారు. దానికి వారం ముందు తల్లిదండ్రుల సమావేశం. జానకిరామయ్య మాట్లాడతానని అడిగి మరీ లేచాడు. మే నెల కాగితం గుర్తుకొచ్చింది, అయినా లేచాడు. ఆ ఉద్యోగంలో ఏం చేయిస్తారో దాచకుండా చెప్పాడు. వందమంది పేర్లు రాయించడం, టార్గెట్, దాచేపల్లిలో తొమ్మిదిమంది డబ్బు పోవడం, అన్నీ. ముందు వరసలో కూర్చున్న సాయికౌశిక్ తల దించుకుని ఫోను చూసుకున్నాడు గానీ ఆపలేదు.

అంతా అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. ఆదెమ్మ, యడ్లపాడు వైపు నుంచి వచ్చింది. మనవరాలు అఖిల ఇక్కడ చదువుతోంది.

"ఉన్నదున్నట్టు చెప్పారు బాబూ. పుణ్యం ఉంటది మీకు," అంది. "ఇది వద్దంటే మా పిల్ల ఇంకేం చెయ్యాలో కూడా చెప్పండి. అదే చేయిస్తాం."

అందరూ ఆయన కేసి చూశారు. నిలదీయడానికి కాదు, నిజంగానే చెప్తాడేమోనని. జానకిరామయ్య మైకు పక్కనున్నవాళ్ళకిచ్చి కూర్చున్నాడు. సాయంత్రానికి అరవై నాలుగు మందిలో యాభై ఎనిమిది మంది పేర్లిచ్చారు.

మిగిలిన ఆ వారం పిల్లలు ఆయన్ని వదల్లేదు. మాక్ ఇంటర్వ్యూలు పెట్టండి సార్, మీరైతే బాగా చెప్తారు అన్నారు. పెట్టనంటే ఆ కంపెనీ రావడం ఏమీ ఆగదు. వాళ్ళు బెదిరిపోయి అడిగినదానికి జవాబు చెప్పలేక ఆ ఉద్యోగం కూడా పోగొట్టుకుంటారు. అందుకని రోజూ నాలుగింటికి కుర్చీలు ఎదురెదురుగా వేయించి, ఒక్కొక్కరినీ పిలిచి అడిగేవాడు.

శుక్రవారం అఖిల వచ్చి కూర్చుంది. నీళ్ళు తాగమన్నాడు.

"నీకు ఏం చెయ్యడం ఇష్టం?" అని ఇంగ్లీషులో అడిగాడు, ఆ కంపెనీ మనిషి అడిగే తీరులోనే.

"కంపెనీల కాగితాలు చదవడం ఇష్టం సార్. వాళ్ళు చెప్పేది నిజమో కాదో కనిపెట్టడం," అంది. బెరుకు పోయి మొహం వెలిగింది. ఏదో ఎరువుల కంపెనీలో తను పట్టుకున్న తేడా గురించి చెప్పబోయింది.

జానకిరామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"అలా చెప్పకమ్మా. కొత్త మనుషులతో మాట్లాడటం ఇష్టమని చెప్పు."

"నాకు భయం కదండి సార్, మాట్లాడాలంటే."

"తెలుసు. అయినా అలాగే చెప్పు. నవ్వుతూ చెప్పు."

అఖిల రెండుసార్లు తడబడి, మూడోసారి సరిగ్గా చెప్పింది. ఆయన బాగుందన్నాడు. తర్వాతి పేరు పిలిచాడు.